ఆకు మీద తెల్లగా ఉందా? మందు కొట్టే ముందు ఈ కథ వినండి

కోవూరు నుంచి మాట్లాడుతున్నా. ఇవాళ నా చేతిలో ఉన్న ఈ కుండీ చూడండి. మొక్క జానెడు ఎత్తు కూడా లేదు. ఇది ఫైకస్ బోన్సాయ్, మన మర్రి, రావి, మేడి కుటుంబమే. మూడేళ్ల కింద నెల్లూరులో కొన్నా. హాల్లో కిటికీ పక్కన పెట్టుకున్నా. అప్పుడు నిండా ఆకులు. ఇప్పుడు ఈ ఎడమ పక్క కొమ్మ చూడండి, మొత్తం మోడు. దీన్ని ఏ తెగులూ తినలేదు, ఏ పురుగూ కొరకలేదు. చేసింది నేనే.

ఏం జరిగిందంటే, ఒకరోజు ఆకుల మీద తెల్లగా మచ్చలు కనిపించాయి. ఫోన్‌లో ఫొటో తీసుకుని ఒక మందుల షాపుకి పోయి చూపించా. షాపాయన ఫొటో వంక రెండు సెకన్లు చూసి, "తెగులేలే, ఇది కొట్టు" అని ఒక సీసా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి కొట్టా. తెలుపు పోలేదు. సరిపోలేదేమో అని డోసు పెంచి మళ్లీ కొట్టా. కిటికీలు మూసే ఉన్నాయి, మా అమ్మకి రెండు రోజులు దగ్గు. పది రోజుల్లో ఆ పక్క ఆకులన్నీ రాలిపోయాయి. రాలిన ఆకు మీద కూడా ఆ తెలుపు అట్లాగే ఉంది. చివరికి తేలిందేంటంటే అది మా బోరు నీళ్ల మరక. అంటే జబ్బే లేని చెట్టుకి రెండుసార్లు మందు పట్టించానన్నమాట.

ఆ తర్వాత కూర్చుని చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఆకు మీద తెలుపు అనేది జ్వరం లాంటిది. టైఫాయిడ్‌కీ జ్వరమే, మలేరియాకీ జ్వరమే, డెంగీకీ జ్వరమే. జ్వరం చూసి మందు రాసేస్తే ఏమవుద్దో మనకి తెలుసు. ఇక్కడా అంతే. ఆ తెలుపు నీళ్లది కావచ్చు, బూజుది కావచ్చు, పురుగుది కావచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కో చరిత్ర ఉంది. ఇవాళ ఆ చరిత్రలే చెప్తా. ఇది పాత కథల కోసం కాదు. మీ కుండీలో ఉన్నది ఏదో పట్టుకునే ఉపాయం ఆ కథల్లోనే ఉంది.

ముందు నీళ్ల సంగతి. మన నెల్లూరు తీరంలో ఇసకపల్లి వైపు ఉప్పు కొఠార్లు చూసే ఉంటారు. సముద్రపు నీళ్లని మడుల్లోకి మళ్లిస్తారు, ఎండకి నీళ్లు పోతాయి, ఉప్పు మిగులుద్ది. మీరు ఆకు మీద స్ప్రే చేసిన నీటి చుక్క కూడా ఒక చిన్న ఉప్పు మడే. నీళ్లు ఆవిరైపోతాయి. అందులో కరిగున్నది మాత్రం ఎక్కడికీ పోదు. రోజుకి ఒక పొర చొప్పున నెలకి ముప్ఫై పొరలు.

ఇంతకీ నీళ్లల్లో కరిగున్నది ఎక్కడిది? వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కలిసి, నీళ్లకి కొంచెం పులుపు గుణం వస్తది. ఆ పులుపు రాళ్లలో ఉన్న క్యాల్షియం, మెగ్నీషియంని కొద్దికొద్దిగా కరిగించుకుంటది. ఆ నీళ్లు ఆకు మీద ఆరినప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతది, సున్నపురాయి రకం పొడి మిగులుతది. గీజర్ లోపల పట్టే పెంకు, కుళాయి మూతి దగ్గర గడ్డకట్టే తెలుపు, ఆకు మీద మచ్చ, మూడూ ఒకటే.

కోవూరు పెన్నకి ఉత్తరపు ఒడ్డున ఉంది కదా. ఈ వైపు పొలాలకి నీళ్లొచ్చేది సంగం ఆనకట్ట నుంచి, కనిగిరి రిజర్వాయరు మీదుగా. నెల్లూరు దగ్గర ఆనకట్ట 1850లలో కట్టారు, సంగం దగ్గరది 1880లలో. ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. ఏటి నీళ్లు, కాలవ నీళ్లు నేల మీద పారతాయి కాబట్టి రాళ్లతో సావాసం తక్కువ. బోరు నీళ్లు ఏళ్ల తరబడి రాళ్ల మధ్య నిలవుండి వస్తాయి. అందుకే ఒకే ఊళ్లో కాలవ నీళ్లు పోసే ఇంట్లో ఆకులు పచ్చగా మెరుస్తుంటే, బోరు నీళ్లు పోసే ఇంట్లో సున్నం కొట్టినట్టు ఉండొచ్చు. ప్రతి బోరూ అట్లాగే ఉంటదని కాదు. మా బోరు మాత్రం అట్లాంటిదే.

ఇది ఒక్క మన బాధే అనుకోకండి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో రసాయన శాస్త్రం చెప్పిన థామస్ క్లార్క్ అనే ప్రొఫెసరు ఉన్నాడు. నీళ్లలో సున్నం పోవాలంటే ఇంకొంచెం సున్నం కలపాలని 1841లో పేటెంటు తీసుకున్నాడు. వినడానికి విడ్డూరంగా ఉంటది కానీ అది పనిచేస్తది. సున్నం కలిపితే కరిగున్న సున్నం అడుక్కి దిగుద్ది. సబ్బు నురగతో నీళ్ల కాఠిన్యం కొలిచే పద్ధతి కూడా ఆయనదే. మన ఇళ్లల్లో ఆడవాళ్లు "ఈ నీళ్లకి సబ్బు నురగ రాదబ్బా, ఉప్పు నీళ్లు" అంటారు చూడండి, క్లార్క్ ల్యాబులో చేసింది అదే పరీక్ష. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా బాగున్నట్టు. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మనిషి తాగడానికి ఒప్పుకున్న నీళ్లు కూడా ఆకు మీద మచ్చ వేస్తాయన్నమాట.

పరీక్ష చాలా సులభం. వేలు తడి చేసుకుని మచ్చ మీద రుద్దండి. వెంటనే కరిగిపోతే మామూలు ఉప్పు. కరగకుండా గరుగ్గా తగిలితే సున్నం. అప్పుడు మన గూడూరు నిమ్మకాయ ఒకటి తీసుకోండి. దూది మీద రెండు చుక్కల రసం, నాలుగు చుక్కల నీళ్లు వేసి ఒక్క ఆకుని తుడవండి. మచ్చ కరిగిపోతే సున్నమే. ఆ ఆకుని మళ్లీ మంచినీళ్లతో కడిగెయ్యండి, పులుపు ఉంచొద్దు. ఇంకో మాట. ఆర్‌ఓ మిషన్ పక్క పైపులోంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని కొంతమంది కుండీలకి పోస్తారు. బోన్సాయ్‌కి పొయ్యొద్దు. మిషన్ తీసేసిన ఉప్పులన్నీ చిక్కగా ఉండేది ఆ నీళ్లల్లోనే.

ఫైకస్ వాళ్లకి ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. ఈ కుటుంబం చెట్లు తమ ఆకు పైపొర కణాల్లో సొంతంగా క్యాల్షియం కార్బొనేట్ గడ్డలు దాచుకుంటాయి. వాటిని సిస్టోలిత్‌లు అంటారు. కొన్ని రకాల్లో అవి ఆకు మీద సన్నటి తెల్ల చుక్కల్లా కనిపిస్తాయి. సమానమైన దూరంలో, ఎవరో సూదితో పొడిచినట్టు ఉంటాయి. తుడిచినా పోవు, గీకినా పోవు. అది దాని పుట్టుమచ్చ. దాన్ని వదిలెయ్యండి.

ఇప్పుడు రెండో తెలుపుకి వద్దాం. మన రైతులు దీన్ని బూడిద తెగులు అంటారు. మినుము, పెసర, దోస వేసినవాళ్లకి ఈ పేరు చెప్తే చాలు. ఆకు మీద పిడకల బూడిద చల్లినట్టు ఉంటది. ఇది బూజు జాతి.

దీని కథ 1845లో ఇంగ్లండ్‌లో మార్గేట్ అనే సముద్రపు ఊరిలో మొదలవుద్ది. ఎడ్వర్డ్ టకర్ అనే తోటమాలి అద్దాల ఇంట్లో పెంచే ద్రాక్ష తీగల మీద తెల్లటి పొడి చూశాడు. అంతకుముందు ద్రాక్ష మీద అట్లాంటిది అక్కడ ఎవరూ చూడలేదు. ఆయన ఏం చేశాడంటే, ఇది దేనిలా ఉంది అని ఆలోచించాడు. పీచ్ చెట్ల మీద వచ్చే బూజులా ఉందనిపించింది. పీచ్‌కి గంధకం, సున్నం కలిపిన నీళ్లు వాడతారు కదా అని ద్రాక్షకీ అదే వాడాడు. పనిచేసింది. మైల్స్ బర్క్‌లీ అనే శాస్త్రవేత్త 1847లో ఆ బూజుకి టకర్ పేరే పెట్టాడు.

తర్వాత అది ఫ్రాన్స్ చేరింది. 1850లో సుమారు నాలుగున్నర కోట్ల హెక్టోలీటర్లున్న ఫ్రాన్స్ వైన్ దిగుబడి 1854కి దాదాపు కోటీ పది లక్షలకి పడిపోయింది. నాలుగేళ్లలో నాలుగో వంతుకి! చివరికి గట్టెక్కించింది గంధకం పొడే. దక్షిణ ఫ్రాన్స్‌లో హెన్రీ మారెస్ అనే ఆయన, దాన్ని ఎప్పుడు చల్లాలో, ఎట్లా చల్లాలో పరీక్షలు చేసి రైతులకి నేర్పాడు. ఇవాళ మన మినుము చేలో బూడిద తెగులుకి లీటరు నీళ్లకి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టమని చెప్తారు చూడండి, దాని మూలం ఆ టకర్ తోటలో ఉంది.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటుంది. గంధకం గొప్ప మందే. కానీ నా ఆకు మీదున్న సున్నానికి గంధకం ఏం చేస్తది? ఏమీ చెయ్యదు. టకర్ గెలిచింది మందు వల్ల అనుకుంటాం. అసలు ఆయన ముందు పోల్చి చూశాడు, మందు ఆ తర్వాత వచ్చింది. బూడిద తెగులుని గుర్తుపట్టేదెట్లా అంటే, వేలితో తుడిస్తే పొడి మెత్తగా వచ్చేస్తది, గరుకు ఉండదు. రెండు మూడు రోజుల్లో మళ్లీ అదే చోట మొలుస్తది. నీటి మరక అట్లా మొలవదు, మీరు స్ప్రే చేస్తేనే వస్తది. ఇంకో తేడా, బూజు లేత చిగుళ్లని వంకర తిప్పుద్ది. గులాబీ, రేగు లాంటి వాటి మీద ఎక్కువ చూస్తాం. ఇంట్లో ఫైకస్ మీద అరుదు. గాలి ఆడని మూలలో ఉంటే ముందు చోటు మార్చండి.

మూడో తెలుపు పురుగులది. ఇక్కడే నా రెండో తప్పు కూడా ఉంది, చెప్తా.

1880లలో అమెరికాలో కాలిఫోర్నియా బత్తాయి, నారింజ తోటలు తెల్లగా అయిపోయాయి. ఆస్ట్రేలియా నుంచి మొక్కలతో పాటు ఒక పొలుసు పురుగు వచ్చింది. వీపు మీద దూది దిండు మోస్తున్నట్టు ఉంటది. రైతులు చెయ్యని ప్రయత్నం లేదు. సబ్బు నీళ్లతో కడిగారు. 1886లో అయితే చెట్టు మొత్తానికి గుడారం కప్పి లోపలికి సైనైడ్ విషవాయువు పంపడం మొదలుపెట్టారు. అయినా తోటలు పోతూనే ఉన్నాయి.

అప్పుడు చార్లెస్ రైలీ అనే కీటక శాస్త్రవేత్త ఒక ప్రశ్న వేశాడు. ఈ పురుగు సొంత దేశంలో చెట్లు ఎందుకు చావడం లేదు? అక్కడ దీన్ని తినేది ఏదో ఉండాలి. 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన్ని ఆస్ట్రేలియా పంపారు. ఆయన వెతికి పంపింది ఎర్రగా, నల్లగా ఉండే ఒక చిన్న అక్షింతల పురుగు. మొదట చేరినవి 129 మాత్రమే. వాటిని తోటల్లో వదిలారు. 1889 ముగిసేలోపే తోటలు తేరుకున్నాయి. విషం గుడారాలు చెయ్యలేని పని ఆ చిటికెడు పురుగులు చేశాయి. కొసమెరుపు ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే కాలిఫోర్నియాలో డీడీటీ విపరీతంగా కొట్టారు. అక్షింతల పురుగులు చచ్చాయి. తెల్ల పొలుసు పురుగు మళ్లీ లేచింది.

మన దగ్గర కూడా ఇదే జరుగుతూ వచ్చింది. మొక్కలతో పాటు పురుగులు రాకుండా ఆపాలని 1914లోనే బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసింది. అయినా వస్తూనే ఉన్నాయి. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి మీద కొత్త పిండి నల్లి కనిపించింది. బొప్పాయి, మల్బరీ, కర్ర పెండలం, మందారం, దేన్నీ వదల్లేదు. 2010లో బెంగళూరులోని జాతీయ సంస్థ ప్యూర్టో రికో నుంచి మూడు రకాల సన్నటి కందిరీగల్లాంటి పరాన్నజీవుల్ని తెప్పించి వదిలింది. అవి పిండి నల్లి ఒంట్లోనే గుడ్లు పెడతాయి. వాటితో అది అదుపులోకి వచ్చింది.

2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో సర్పిలాకార తెల్లదోమ బయటపడింది. రూగోస్ అంటారు. ఆకు అడుగున ముగ్గు తిప్పినట్టు తెల్లటి మైనం చుట్లు పెడుద్ది. తర్వాత మన కోస్తా కొబ్బరి, పామాయిల్ తోటలకీ వచ్చింది. కోనసీమ అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఈ దోమని చంపే ఇసారియా అనే శిలీంద్రాన్ని పెంచి రైతులకి ఇస్తున్నారు. ఇష్టమొచ్చినట్టు రసాయన మందులు కొట్టొద్దని శాస్త్రవేత్తలు చెప్పడానికి కారణం కాలిఫోర్నియా కథే. ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి ఈ దోమని పొలాల్లో తనంతట తానే తింటూ ఉంటది. మందు కొడితే ముందు పోయేది అది.

ఇక నా రెండో తప్పు. మందు దెబ్బ తిన్న ఈ ఫైకస్‌ని తేరుకుంటదని మేడ మీద నీడలో, మందారం కుండీ పక్కన పెట్టా. కొన్నాళ్లకి కొమ్మ సందుల్లో తెల్లటి దూది ఉండలు. ఈసారి తొందరపడలేదు, పరీక్ష చేశా. పుల్లతో నొక్కితే ఉండ లోపల మెత్తగా, తడిగా ఉంది. ఆకుల మీద జిగురు. చీమలు వరసగా ఎక్కుతున్నాయి. సరే, పిండి నల్లి అని తేలింది. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కదాన్నీ తియ్యడం మొదలుపెట్టా.

నాలుగు రోజుల తర్వాత వాటి మధ్య ఇంకా పెద్దవి కనిపించాయి. ఇవీ తెల్లగానే ఉన్నాయి. ఒంటి నిండా మైనం పోగులు వేలాడుతూ ఉన్నాయి. "అమ్మో, తల్లి పురుగులు" అనుకుని ముందు వాటినే ఏరి చంపా. పదో పన్నెండో ఉంటాయి. వారం తిరిగేసరికి పిండి నల్లి రెట్టింపైంది. నాకు అర్థం కాలేదు. ఒకరోజు కుండీ అంచు మీద చిన్న పురుగు కనిపించింది. ఒళ్లు నల్లగా, తల నారింజ రంగులో ఉంది. ఫొటో తీసి పుస్తకంలో బొమ్మతో పోల్చి చూస్తే అది క్రిప్టోలేమస్. అక్షింతల పురుగు జాతి. దాని పిల్ల పురుగు ఫొటో చూసి గుండె జారిపోయింది. నేను ఏరి చంపినవి అవే!

దీని సొంతూరు ఆస్ట్రేలియా. మన దేశానికి 1898లో తెచ్చారు, కాఫీ మొక్కల మీద పొలుసు పురుగుని తినిపించడానికి. పిండి నల్లి అంటే దీనికి ప్రాణం. దీని పిల్ల పురుగు అచ్చం పిండి నల్లిలా తెల్లటి మైనం కప్పుకుని ఉంటది. అంటే నూట ఇరవై ఏళ్లకి పైగా ఈ దేశంలో మనకి పనిచేస్తున్న పురుగు, పిలవకుండానే మా మేడ మీదికి వచ్చి నా చెట్టుని కాపాడుతుంటే, నేను స్పిరిట్ దూదితో దాన్ని చంపుకున్నా. గుడారం వేసి విషవాయువు పెట్టినవాళ్లని చూసి నవ్వుకున్నా కదా, నేను చేసిందీ అదే.

తేడా కనుక్కోవడం కష్టమేమీ కాదు. పిండి నల్లి చిన్నది, మూడు నాలుగు మిల్లీమీటర్లు. కదలదు, కదిలినా నత్తనడకే. ఈ పిల్ల పురుగు దానికి రెండు మూడింతలు పెరుగుద్ది, మైనం పోగులు పొడుగ్గా ఉంటాయి, పుల్లతో తాకితే చురుగ్గా నడిచిపోతది. కాబట్టి తెల్లటి పురుగు కనిపిస్తే రెండు నిమిషాలు కదలకుండా చూడండి. నడుస్తూ పిండి నల్లిని తింటుంటే దాని జోలికి పోకండి. చీమల్ని మాత్రం ఆపండి. జిగురు కోసం చీమలు పిండి నల్లికి కాపలా కాస్తాయి, ఈ పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడితే చీమలు ఎక్కలేవు.

మొత్తం ఒకసారి చెప్పుకుందాం. తెలుపు కనిపించగానే ఆకు తిప్పి అడుగున కూడా చూడండి. తడి వేలితో రుద్దండి. కరిగితే ఉప్పు. గరుగ్గా ఉండి నిమ్మరసానికి పోతే సున్నం, నీళ్లు మార్చండి, ఆకుల మీద స్ప్రే ఆపండి. సమానంగా సూది చుక్కల్లా ఉండి ఎంతకీ పోకపోతే ఫైకస్ పుట్టుమచ్చ. మెత్తటి పొడి వచ్చి రెండు రోజుల్లో మళ్లీ మొలిస్తే బూడిద తెగులు. దూది ఉండలు, జిగురు, చీమలు ఉంటే పిండి నల్లి. అడుగున ముగ్గు చుట్లు ఉంటే తెల్లదోమ. నడిచే తెల్ల పురుగు ఉంటే ఆగి చూడండి. ఇవన్నీ అయ్యాకే మందు మాట. అది కూడా ముందు ఒక్క ఆకు మీద, ఇంటి బయట. ఫొటో ఒక్కటే చూపించి మందు అడగొద్దు. ఫొటోలో గరుకు తెలియదు, జిగురు తెలియదు. అందుకే ఆ షాపాయన్ని ఒక్కడినే తప్పు పట్టను, పరీక్ష చెయ్యకుండా ఫొటో పట్టుకుపోయింది నేను.

ఇప్పుడు ఈ చెట్టుకి వాన నీళ్లు పట్టి పోస్తున్నా, అవి లేనప్పుడు కాలవ నీళ్లు. మోడు కొమ్మ కొయ్యలేదు. నిన్న పొద్దున చూస్తే దాని మొదట్లో, ఇదిగో ఇక్కడ, రెండు చిగుళ్లు వచ్చాయి. పక్కనున్న మందారం మీద ఒక తెల్లటి పురుగు నడుస్తా ఉంది. ఈసారి దాన్ని ముట్టుకోలేదు.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.